జేబులో ఖాళీ ప్రోనోటు

మీ ఆత్మ ప్రస్తుతం ఎవరి దగ్గర తాకట్టులో ఉంది?

నవ్వకండి. నిజంగానే అడుగుతున్నా. బ్రిటన్‌లో వీడియో గేములు అమ్మే గేమ్‌స్టేషన్ అనే సంస్థ 2010 ఏప్రిల్ 1న తన షరతుల మధ్యలో ఒక ముక్క ఇరికించింది. ఈ కొనుగోలుతో మీ అమరాత్మ మాదైపోతుంది అని దాని సారాంశం. ఇష్టం లేనివాళ్లు వద్దని చెప్పడానికి ఒక గడి కూడా పెట్టింది. ఆ గడి నొక్కితే 5 పౌండ్ల కూపన్ ఎదురిస్తానంది. అయినా ఏడున్నర వేల ఆత్మలు దాని ఖాతాలో పడ్డాయి. ఏప్రిల్ ఫూల్ సరదా కాబట్టి పెద్దమనసు చేసుకుని తర్వాత వదిలేసింది.

మా బెజవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలు. లక్షల్లో జనం వస్తారు. కులమూ మతమూ చూడరు. కొవ్వొత్తి వెలిగిస్తారు, కొబ్బరికాయ కొడతారు, తలనీలాలిస్తారు. అమ్మా, మమ్మల్ని నువ్వే కాపాడాలి అని మొక్కుతారు. మొక్కి, కొండ మెట్ల మీదే ఫొటోలకు మెరుగులు దిద్దే కొత్త యాప్ ఎక్కించి, పది సెకన్లలో తమ ముఖం, తమ ఊరు, తమ బంధుమిత్రుల ఫోన్ నంబర్లు ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి ధారపోసి కిందికి దిగుతారు. మాత మాత్రం ఏం చేస్తుంది? టిక్కు పెట్టింది భక్తుడే కదా!

ఇంకోటి వినండి. 2017లో మాంచెస్టర్‌కు చెందిన పర్పుల్ అనే వైఫై సంస్థ తన షరతుల్లో వెయ్యి గంటల సమాజసేవ చేర్చింది. మరుగుదొడ్లు కడగాలి. వీధికుక్కల్ని కౌగిలించుకోవాలి. నత్తగుల్లలకు రంగులెయ్యాలి. రెండు వారాల్లో 22 వేల మంది సరేనన్నారు. ఇదేంటని అడిగింది ఒక్కరంటే ఒక్కరు.

ఇలాంటి కథలంటే మన పెద్దలకు మహా ఇష్టం. చూశారా, జనం చదవరండీ! బద్ధకం! ఊరికే వస్తే ఫినాయిల్ కూడా తాగే రకం! టీవీలో సైబర్ నిపుణుడు వేలు చూపించి చెబుతాడు, షరతులన్నీ క్షుణ్ణంగా చదివాకే అంగీకరించండి అని. పోలీసు పోస్టర్ మీద అదే మాట. బ్యాంకు సందేశంలో అదే మాట.

అయ్యా, తమరు చదివారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. తమరి ఫోన్‌లో ఉన్న ఎన్ని యాప్‌ల షరతులు చివరిదాకా చదివారు? ఒకటి? సగం? అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ 2010లో ఒక సభలో ఒప్పేసుకున్నాడు, ఆ సన్నక్షరాలు తానూ మామూలుగా చదవనని. ఆ దేశానికి రాజ్యాంగం విడమర్చి చెప్పే మనిషే చేతులెత్తేసిన కాగితాన్ని ఇక్కడ గుణదల సెంటర్లో ఆటో తోలుకునే మనిషి చదవాలి. చదవకపోతే బుద్ధిలేనివాడు!

సరే, చదువుదాం. పట్టుబట్టి కూర్చుందాం. ఎంతసేపు పడుతుంది?

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో లెక్కగట్టారు. ఒక మనిషి ఏడాదిలో తాను చూసే వెబ్‌సైట్ల గోప్యతా విధానాలు మాత్రమే చదవాలంటే దాదాపు 200 గంటలు. అప్పటికి మన జనంలో చాలామంది చేతుల్లో స్మార్ట్‌ఫోన్ లేనే లేదు. 2016లో నార్వే వినియోగదారుల మండలి సగటు ఫోన్‌లో ఉండే 33 యాప్‌ల షరతుల్ని బయటికి గట్టిగా చదివించింది. దాదాపు 32 గంటలు పట్టింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో ఒక వినియోగదారుల సంఘం అమెజాన్ కిండిల్ షరతులు చదవడానికి నటుణ్ణి కుదుర్చుకుంది. 73 వేలకు పైగా మాటలు. పాపం, తొమ్మిది గంటలు చదివాడు. అంతసేపట్లో విజయవాడలో రైలెక్కి చెన్నైలో దిగి టిఫిను కూడా చేయొచ్చు. పుస్తకాలు చదువుకునే మిషను కొన్నందుకు ముందు ఆ పుస్తకం చదవాలన్నమాట!

లోపల ఏముంటుందనుకున్నారు? ఆణిముత్యాలు. పాటలు వినడానికి ఆపిల్ ఇచ్చిన ఐట్యూన్స్ లైసెన్సులో, దీన్ని క్షిపణుల తయారీకి, అణ్వాయుధాలు, రసాయన ఆయుధాల తయారీకి వాడబోనని మాటివ్వాలి. ఘంటసాల పాటలు పెట్టుకుని గుణదల కొండ వెనకాల అణుబాంబు చేద్దామనుకున్నవాళ్లు దయచేసి విరమించుకోండి. ఒప్పందం ఒప్పుకోదు.

నవ్వొచ్చిందా? ఇప్పుడు నవ్వు రానివి చూద్దాం. వాట్సాప్ షరతులు తీయండి. మీకూ కంపెనీకీ తగువొస్తే ఎక్కడ తేల్చుకోవాలి? బెజవాడ కోర్టులోనా? కాదు. కాలిఫోర్నియాలో. ఉత్తర కాలిఫోర్నియా జిల్లా ఫెడరల్ కోర్టు, లేదా శాన్ మటేయో కౌంటీ కోర్టు. ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చారు, సంతోషించండి! రామవరప్పాడు రింగు దగ్గర ఏ బస్సెక్కాలో మాత్రం రాయలేదు. మీకు నష్టం జరిగితే ఎంతిస్తారు? వంద డాలర్లు, లేదా గడిచిన ఏడాదిలో మీరు వాళ్లకు కట్టిన సొమ్ము, రెంటిలో ఏది ఎక్కువైతే అంత. అంతకు మించి పైసా అడగకూడదు. మీరు కట్టింది సున్నా కాబట్టి మీ జన్మకు ఖరీదు వంద డాలర్లు. అనువాదానికీ ఇంగ్లీషు మూలానికీ తేడా వస్తే? ఇంగ్లీషుదే పైచేయి. అంటే తెలుగులో చదువుకున్నా, చదివినట్టు కాదు!

యాప్ మాత్రం తెలుగులో ఉంటుంది. 'నమస్కారం' తెలుగులో. 'ఇక్కడ నొక్కండి' తెలుగులో. 'డబ్బు చెల్లించండి' అచ్చమైన, ముచ్చటైన తెలుగులో. మీ హక్కులు ఎక్కడ పోతాయో చెప్పే భాగం దగ్గరికొచ్చేసరికి చాలా యాప్‌లకు తెలుగు మర్చిపోతుంది. లాయరు ఇంగ్లీషు తన్నుకొస్తుంది. అమ్ముకోవడానికి మాతృభాష, తప్పించుకోవడానికి పరాయిభాష. ఎంత తెలివి!

గవర్నరుపేటలో ఏ ఫోన్ల కొట్టుకైనా వెళ్లండి. కౌంటరు వెనక కుర్రాడు కొత్త ఫోన్ డబ్బా విప్పి పటపటా నొక్కేస్తుంటాడు.

"ఏంటి బాబూ అన్నిసార్లు నొక్కుతున్నావు?"

"ఏం లేదంకుల్. అందరూ కొట్టేదే. ఓకే, ఓకే, ఓకే."

"ఒకసారి చదువుదామా?"

"చదువుతూ కూర్చుంటే ఫోన్ ఆన్ అవదంకుల్!"

ఒప్పందాల చట్టం మొత్తం ఆ కుర్రాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఇరవై వేలు పోసి కొన్న ఫోన్. బిల్లు కట్టాక, డబ్బా విప్పాక, అప్పుడు షరతులొస్తాయి. ఒప్పుకోకపోతే ఆ ఫోన్‌తో ఏం చేసుకోవాలి? వద్దు అనే మాటకు అక్కడ చోటే లేనప్పుడు సరే అనే మాటకు విలువెక్కడిది?

వాట్సాప్ వద్దనుకుందాం. పిల్లాడి బడి హోంవర్కు ఎక్కడొస్తుంది? అపార్టుమెంటులో నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎక్కడ చెబుతారు? ఆఫీసులో సెలవు చీటీ ఎక్కడ పెట్టాలి? నువ్వు ఒప్పుకోకపోతే నష్టం కంపెనీకి కాదు. నీ పిల్లాడికి. నీకు.

ఈ సంగతి కంపెనీకి తెలుసు. అందుకే 2021 జనవరిలో వాట్సాప్ దర్జాగా కత్తి చూపించింది. కొత్త గోప్యతా విధానం ఒప్పుకోండి, ఫిబ్రవరి 8 గడువు. లేదంటే మీ దారి మీరు చూసుకోండి. దేశం గోలెత్తింది. గడువు మే 15కు జరిగింది. షరతు మాత్రం అంగుళం జరగలేదు. అప్పటికి మన దేశంలో వాట్సాప్ వాడేవాళ్లు 53 కోట్లని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. 53 కోట్ల మంది చదివి, తర్కించి, ఆలోచించి సరేనన్నారంటారా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నారు?

చివరికి భారత పోటీ కమిషన్ 2024 నవంబరు 18న తేల్చింది. ఇష్టముంటే తీసుకో, లేకుంటే పో అన్న ఆ పద్ధతి అన్యాయమని. వాట్సాప్ యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మొత్తం వినగానే అబ్బో అనిపిస్తుంది కదా? 2024లో మెటా ఆదాయం 16 వేల కోట్ల డాలర్లకు పైనే. ఆ లెక్కన ఈ జరిమానా సంపాదించడానికి వాళ్లకు గంటన్నర కూడా పట్టదు. కిండిల్ షరతుల్లో మనం ఇంకా మొదటి పాతిక భాగంలోనే ఉంటాం! అదే ఆదేశంలో, ప్రకటనల కోసం వాట్సాప్ సమాచారాన్ని మెటావారి ఇతర కంపెనీలకు ఐదేళ్లు ఇవ్వకూడదని కూడా ఉంది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానా ఉంచి ఆ నిషేధాన్ని కొట్టేసింది. చిల్లర కట్టించారు. సరుకు వదిలేశారు.

ఇక మన రాష్ట్రానికొద్దాం. తేదీలు జాగ్రత్తగా చూడండి. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెటాతో ఒప్పందం చేసుకుంది. నవంబరులో అదే మెటాకు అన్యాయపు షరతుల మీద జరిమానా పడింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' మొదలైంది. మొదట 161 ప్రభుత్వ సేవలు, అన్నీ వాట్సాప్‌లో. సౌకర్యమా? నిస్సందేహంగా సౌకర్యమే. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు, చేయి తడపక్కర్లేదు. జనం మెచ్చుకుంటారు. కానీ కుల ధ్రువీకరణ పత్రానికి దగ్గరి దారి ఇప్పుడు శాన్ మటేయో కౌంటీ మీదుగా పోతోంది. ఆ దారి పన్ను సమాచారంలో వసూలవుతుంది. వాట్సాప్ లేనివాడికి సచివాలయం ఉంది కదా అంటారు. ఉంది. క్యూ కూడా ఉంది.

ఇంతకూ మా బెజవాడకు ఈ టిక్కుల బాగోతం కొత్తేమీ కాదు. దీని తాతను మేం చూశాం. పేరు ఖాళీ ప్రోనోటు.

2015 డిసెంబరు గుర్తుందా? కాల్‌మనీ. ఆ వడ్డీ వ్యాపారంతో బెజవాడ పేరు దేశమంతా మోగింది. అవసరానికి చేతిలో నాలుగు రూపాయలు పెడతారు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం. ఖాళీ చెక్కు మీద సంతకం. ఇందులో ఎంతని వేస్తారు బాబూ అని అడిగే ధైర్యం ఎవరికుంది? ఆస్పత్రి బిల్లు ఆగదు. కాలేజీ ఫీజు ఆగదు. సంతకం పడుతుంది. అంకె తర్వాత వాళ్లే వేసుకుంటారు. ఆ అంకెకు ఆస్తులు పోయాయి. ఆడవాళ్ల మానానికే ఎసరొచ్చింది. పోలీసులు దాడులు చేశారు. అసెంబ్లీ దద్దరిల్లింది. నాయకులు ఒకరి మీద ఒకరు దుమ్మెత్తిపోసుకున్నారు. చదవకుండా సంతకం ఎందుకు పెట్టావమ్మా అని ఆ బాధితుల్ని అడిగిన మహానుభావులు అప్పుడూ ఉన్నారు. చదవడానికి ఆ కాగితం మీద ఏముంది?

ఇప్పుడు మీ ఫోన్‌లో ఏ షరతులైనా తెరిచి చూడండి. దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక వాక్యం ఉంటుంది. ఈ షరతుల్ని మేం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, మార్చాక మీరు వాడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే. అదండీ అసలు కిటుకు! తొమ్మిది గంటలు కళ్లు కాయలు కాసేలా చదివారనుకోండి. మరుసటి నెల మార్చేస్తారు. మళ్లీ చదవండి. మళ్లీ మారుస్తారు. అంకె తర్వాత వేసుకునే కాగితానికీ, షరతు తర్వాత మార్చుకునే కాగితానికీ తేడా ఏమిటో ఏ న్యాయకోవిదుడైనా చెప్పగలడా? కాల్‌మనీవాడు కనీసం మోటారు సైకిలు వేసుకుని ఇంటికొచ్చేవాడు. వీడు ఇంట్లోనే ఉంటాడు. తలగడ పక్కన.

నమ్మకం కలగడం లేదా? అప్పుల యాప్‌లు తలుచుకోండి. కాల్‌మనీకి అవి సాక్షాత్తూ వారసులు. ఐదు నిమిషాల్లో అప్పు. హామీ అక్కర్లేదు. కాగితాలు అక్కర్లేదు. ఒక్క చిన్న అనుమతి చాలు. మీ కాంటాక్టులు చూడొచ్చా? మీ ఫొటోలు చూడొచ్చా? సరే. ఎందుకు చూస్తారో అక్కడ రాయరు. వాయిదా తప్పితే మీ పిన్నిగారికీ, మీ మేనేజరుకూ, మీ ఆడపడుచు అత్తగారికీ ఫోన్ చేసి మిమ్మల్ని దొంగ అంటాం అని రాయరు. మీ ఫొటో మార్ఫింగ్ చేసి ఊరంతా పంపుతాం అని రాయరు. అడిగింది మూడు మాటలు. చేసింది మూడు తరాల పరువు తీయడం.

2020 డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు ఈ యాప్‌ల ముఠాల్ని పట్టుకున్నారు. అప్పటికే ప్రాణాలు పోయాయి. 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు కార్యబృందం నివేదిక ఇచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు దొరికే సుమారు 1,100 అప్పుల యాప్‌లలో 600 చట్టవిరుద్ధమని. సగానికి సగం పైన దొంగ సరుకు! దుకాణం ఎవరిది? దొంగ సరుకు అరలో సర్దినవాణ్ణి ఎవరు అడిగారు? 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలొచ్చాయి. కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. అప్పు వివరాలన్నీ ముఖ్యాంశాల పత్రంలో చూపించాలి. ఆ నెలలోనే రాజమహేంద్రవరంలో ఒక జంట ఈ యాప్‌ల వేధింపులు తాళలేక ప్రాణాలు తీసుకుంది. ఇద్దరు పసిపిల్లలు మిగిలారు. అప్పుల యాప్‌లకు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు దక్కకుండా గూగుల్ తన ప్లే స్టోరులో తలుపు మూసింది 2023 మే 31 నుంచి.

ఇప్పుడనండి. షరతులు చదవలేదు, వాళ్లదే తప్పు అని. ఆ పిల్లల ముందు నిలబడి అనండి చూద్దాం.

ఇక్కడ ఒక్క సంగతి గమనించారా? ఆ అనుమతి ప్రమాదమని తెలియగానే ఎవరు ఆపగలిగారు? చదివిన పాఠకుడా? కాదు. ఒక సంస్థ రాసిన ఒక నియమం. ఒక కంపెనీ నొక్కిన ఒక మీట. ఆ పని మొదటిరోజే చేసి ఉండొచ్చు. చేయలేదు. అప్పటిదాకా జనానికి అవగాహన కల్పించారు. పోస్టర్లు అచ్చేశారు.

వరదల్లోనూ ఇదే తంతు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఊళ్లోకి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం చెరువులయ్యాయి. వేల బళ్లు మునిగాయి. నీళ్లు తగ్గాక పాపం, ఎవరైనా ఏం చేస్తారు? తాళం పెట్టి తిప్పుతారు. బండి బతికుందా అని చూస్తారు. మునిగిన ఇంజిన్ను స్టార్ట్ చేస్తే ఆ దెబ్బ మాది కాదు, ఇంజిన్ రక్షణకు విడిగా డబ్బు కట్టి ఉండాలి అని చాలా బీమా పాలసీల్లో ఉంటుంది. ఫోన్‌లో రెండు నిమిషాల్లో తీసుకున్న పాలసీ. అమ్మేటప్పుడు తెర నిండా నవ్వుతున్న కుటుంబం బొమ్మ. ఆ ముక్క ఎక్కడుంది? అడుక్కి దిగితే, ఇంకా అడుక్కి దిగితే, అక్కడ. బీమా కంపెనీలతో ముఖ్యమంత్రే కూర్చుని క్లెయిములు తేల్చమని చెప్పాల్సి వచ్చింది. ఒప్పందం సవ్యంగా ఉంటే ముఖ్యమంత్రికి ఆ పనెందుకు?

సన్నక్షరం ఎంత దూరం వెళుతుందో తెలుసా? అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ స్ప్రింగ్స్‌లో 2023 అక్టోబరులో ఒక డాక్టరమ్మ రెస్టారెంటులో భోంచేసి అలర్జీతో చనిపోయింది. భర్త కోర్టుకెళ్లాడు. డిస్నీ ఏమందో ఊహించగలరా? ఆయన 2019లో డిస్నీ ప్లస్ సినిమాల యాప్ నెలరోజుల ట్రయల్ తీసుకున్నాడు, కోర్టుకు రానని ఆ షరతుల్లో ఒప్పుకున్నాడు అంది. సినిమా చూద్దామని టిక్కు పెట్టినందుకు భార్య చావు మీద కేసు వేయకూడదట! లోకం ఉమ్మేశాక 2024 ఆగస్టులో వెనక్కి తగ్గింది. చట్టం ఆపలేదు. సిగ్గు ఆపింది. అన్ని కంపెనీలకూ సిగ్గుంటుందన్న హామీ ఏ షరతుల్లోనూ లేదు.

ప్రైవేటువాడు సరే. సర్కారువారు? వాళ్లకు టిక్కు కూడా అక్కర్లేదు. బండి రిజిస్ట్రేషను, డ్రైవింగ్ లైసెన్సు వివరాలు పెద్దమొత్తంలో అమ్మి 65 కోట్లు సంపాదించామని 2019లో పార్లమెంటుకు కేంద్రమంత్రి నితిన్ గడ్కరీయే చెప్పారు. మరుసటి ఏడాది ఆ విధానం మూతపడింది. ఆటోనగర్లో బండి బాగుచేయించుకుంటున్న అన్నా, నీ నంబరు అమ్మేటప్పుడు నిన్నెవరైనా అడిగారా? 2022లో ఐఆర్‌సీటీసీ ప్రయాణికుల సమాచారంతో వెయ్యి కోట్ల దాకా రాబట్టే దారి చూపమని సలహాదారు కోసం టెండరు పిలిచింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. 2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, కులం, మతంతో సహా బజారున పడ్డాయి. వాళ్లు ఏ సన్నక్షరం చదవకపోవడం వల్ల పడ్డాయి? పక్కా ఇల్లు అడిగిన పాపానికి పడ్డాయి.

ఇక చట్టం. వచ్చిందండీ, వచ్చింది! గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న చెప్పింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది అక్కడి నుంచి పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో. హక్కుందని తెలిసిన పదేళ్లకు అది అందుతుంది. అప్పులవాడు మాత్రం ఐదు నిమిషాల్లో ఇచ్చేవాడు!

చట్టంలో మంచి లేదా? ఉంది. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, తెలిసి ఇచ్చినదై ఉండాలట. సమ్మతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరిన భాషలో చూసుకునే వీలుండాలట. అందులో మన తెలుగూ ఉంది. శభాష్! ఇప్పుడు అదే చట్టంలో సన్నక్షరాలు చదువుదాం. మన సమాచారం పోగొట్టిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా. ఆ డబ్బు ఎవరికి? నష్టపోయిన మనకా? ఛ! భారత సంచిత నిధికి. పాత ఐటీ చట్టంలో బాధితుడికి పరిహారం ఇప్పించే 43ఏ సెక్షను ఒకటుంది. దాన్ని ఈ కొత్త చట్టం చేత్తోనే తీయించేసే ఏర్పాటు చేశారు. ఇల్లు దోచుకున్నది ఒకడు, జరిమానా పుచ్చుకునేది ఇంకొకరు, తలుపు సరిగ్గా వేసుకోలేదని తిట్లు తినేది మనం. ఇంకా ఉంది. పనికిమాలిన ఫిర్యాదు చేశాడని తేలితే పౌరుడికి పదివేల దాకా జరిమానా. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట మినహాయింపు. షరతులు వర్తిస్తాయి!

ఇప్పుడు చెప్పండి. జనం ఎందుకు చదవరు? చదివినా ఒక్క అక్షరం మార్చే వీల్లేదు కాబట్టి. చదివి కాదంటే పని జరగదు కాబట్టి. చదివింది రేపు ఉండదు కాబట్టి. రాసినవాడికే మనం చదవడం ఇష్టం లేదు కాబట్టి. మన చేత చదివించాలనుంటే, వరిచేను ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పినంత తేలిగ్గా ఒక పేజీలో చెప్పలేరా? మీటకు ఏ రంగు వేస్తే మన వేలు అటు లాగుతుందో లెక్కలేసి రాబట్టిన కంపెనీలకు, ఒక పేజీ తెలుగు రాయించడం చేతకాదా? చేతవుతుంది. లాభం రాదు. చదవకపోవడం జనం బలహీనత కాదు. వాళ్ల వ్యాపారం.

కాబట్టి అయ్యలారా, అవగాహన సదస్సులు కట్టిపెట్టండి. చేయాల్సినవి నాలుగే. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో, ఎవరికిస్తారో ఒక పేజీలో తెలుగులో రాయించి, తగువొస్తే ఆ తెలుగుకే పైచేయి ఇవ్వండి. వద్దు అన్న మీట కూడా సరే అన్నంత పెద్దదిగా పెట్టించండి, వద్దన్నంత మాత్రాన సేవ ఆపకుండా చూడండి. షరతు మారిస్తే పాత టిక్కు చెల్లదని చెప్పండి. నష్టపోయినవాడికి మా ఊరి వినియోగదారుల కమిషన్‌లోనే పరిహారం ఇప్పించండి. ఇందులో ఆకాశం నుంచి ఊడిపడాల్సింది ఏదీ లేదు. బలవంతుడు బలహీనుడి చేత రాయించుకున్న అన్యాయపు షరతు చెల్లదని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. అలాంటి షరతుల్ని రద్దు చేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం రాష్ట్ర కమిషన్‌కే ఇచ్చింది. ఆయుధం ఉంది. తుప్పు పడుతోంది.

పాఠకులారా, మీకొక మాట. చదవలేదని సిగ్గుపడకండి. ఎవరూ చదవరని తెలిసి, చదవకూడదనే రాసిన కాగితానికి ఒప్పందమని పేరు పెట్టినవాడు సిగ్గుపడాలి. ఈసారి మీ ఎమ్మెల్యేనో ఎంపీనో ఓటుకొచ్చినప్పుడు ఈ నాలుగూ అడగండి. సరే, చూద్దాం అంటారు. నోటిమాట ఒప్పుకోకండి. కాగితం మీద రాయించుకోండి. సంతకం పెట్టేముందు వాళ్లను మాత్రం పూర్తిగా చదవమనండి.